మీరు రాసింది చదివాను

పోయినవాళ్లు జవాబివ్వరు. ఈ సంగతి తెలియడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. కానీ ఆ కుట్టుమిషన్ల షాపు పెద్దాయన మాత్రం పోయి నెల దాటినా జవాబులిస్తూనే ఉన్నాడు. ఎవరు ఏం రాసినా నిమిషం తిరక్కుండా ఇస్తున్నాడు. బతికున్న రోజుల్లో ఆయన అంత చురుగ్గా జవాబులిచ్చిన పాపాన పోలేదు.

"నేను ఊళ్లో లేను. మీరు రాసింది చదివాను. రాగానే జవాబిస్తాను."

ఉన్నవి ఈ మూడు ముక్కలే. అవి తెర మీద కనబడ్డప్పుడల్లా కత్తెరకి ఒళ్లు జలదరించేది.

కత్తెర ఆయన చెల్లెలు. అసలు పేరు సగం మందికి తెలియదు, తెలిసిన సగం మందీ మరిచిపోయారు. పాత కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్లు ఒకరినొకరు సాయం అడగడానికి అన్నయ్య చాలా ఏళ్ల కిందట ఒక మెయిల్ గ్రూపు పెట్టాడు. ఒకరు ఉత్తరం రాస్తే మూడొందల చిల్లర మందికీ చేరుతుంది, తెలిసినవాళ్లు జవాబు చెబుతారు. అందులో ఎవరైనా చేరొచ్చు. తలుపులు బార్లా తెరిచిన ఇంట్లోకి కుక్కా వస్తుంది, పిల్లీ వస్తుంది కాబట్టి కాపలాకి ఒక మనిషి ఉండాలి. ఆ కాపలా మనిషి, అంటే మోడరేటర్, చెల్లెలు. జవాబు రెండు ముక్కలు రాసి దాని కింద పాత ఉత్తరాలన్నిటినీ తోకలా వేలాడదీసి పంపేవాళ్లుంటారు. ఆవిడ ఆ తోకలు కత్తిరించి గ్రూపులోకి వదిలేది. అందుకని కత్తెర అన్నారు. ఇంట్లో వదిన కూడా అదే పేరు పట్టుకుంది.

నియమాలు మాత్రం అన్నయ్యవే. అవి చదివితే ఇది మిషన్ల గ్రూపా, కోర్టా అని అనుమానం వచ్చేది. సబ్జెక్టులో 'అర్జెంట్' అని రాస్తే ఒప్పుకోడు, ఏ మిషనో దానికేం జబ్బో రాయాలి. సూది విరిగిందని మొదలైన చోట మోటార్ల బేరాలు పెడితే రామాయణంలో పిడకల వేట అని తిప్పికొట్టేవాడు. 'థ్యాంక్స్' అన్న ఒక్క ముక్కని మూడొందల మంది నెత్తిన పడేయకూడదు. కోపంతో రాసింది ఒక పూట ఆగి పంపాలి. ఊరెళ్లేవాళ్లు గ్రూపు మెయిల్ ఆపుకుని వెళ్లాలి. అలా కాకుండా 'నేను లేను' అని దానంతటదే జవాబిచ్చే ఏర్పాటు పెట్టి గ్రూపు మీదకి వదిలితే, వాడు ఎంతటివాడైనా సరే, తీసెయ్యడమే. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు రాయకూడదు. మొదట్లో ఒకాయన మామగారు పోతే రెండొందల 'అయ్యో'లు వచ్చి పడ్డాయి. ఎవరో దర్జీ పాపం అడిగిన ప్రశ్న వాటి కింద పూడుకుపోయింది. దానితో ఆ నియమం పుట్టింది.

వీటన్నిటికీ పైన, మొదటి నియమం ఒకటుంది. గ్రూపులో వావివరసలు లేవు. అన్నా, అక్కా, బావా, బాబాయ్, ఏదీ చెల్లదు. అందరికీ అందరూ 'మీరు', అందరూ 'గారు'. ఒకసారి నిజంగానే బావా బావమరుదులు ఇద్దరు గ్రూపులో చేరి, పెడల్ బెల్టు దగ్గర మొదలుపెట్టి వాళ్లింటి గొడవలన్నీ మూడొందల మంది ముందు ఆరేశారు. వరస పెట్టి పిలిస్తే చనువొస్తుంది, చనువొస్తే నోరు జారుతుంది, నోరు మంచిదైతే ఊరు మంచిది అని అన్నయ్య తీర్మానించాడు.

ఆ మొదటి నియమాన్ని ఘనంగా తొక్కింది కాపలా మనిషే. ఆ రోజు కుట్లు వదిలేస్తున్న మిషన్ గురించి గ్రూపులో వాదన నడుస్తోంది. ముందు సూది కడ్డీ ఎత్తు సరిచూడాలని అన్నయ్య రాశాడు. కత్తెరకి ఒళ్లు మండింది. 'అన్నయ్యా, నీకేమైనా మతిపోయిందా? ముందు చూడాల్సింది హుక్కు' అని కొట్టి పంపేసింది. అన్నయ్య ఒక్కడికే రాస్తున్నాననుకుంది. రిప్లై కొడితే అందరికీ వెళ్లేలా గ్రూపుని అమర్చింది అన్నయ్యే, ఆ సంగతి మిగతా అందరికన్నా తనకే బాగా తెలియాలి.

అన్నయ్య ఇంటి ముందు గదే షాపు, ఇద్దరి బల్లలూ అందులో ఎదురెదురుగా ఉండేవి. చెయ్యి చాస్తే స్క్రూడ్రైవర్ అందేంత దూరం. అన్నయ్య తలెత్తలేదు. టకటకమని ఏదో కొట్టాడు. మరుక్షణం ఆవిడ తెర మీద ఉత్తరం పడింది. 'గౌరవనీయులైన మోడరేటర్ గారికి. మీరు గ్రూపు మొదటి నియమాన్ని ఉల్లంఘించారు. ఇది మొదటి హెచ్చరిక. హుక్కు విషయంలో మీరు చెప్పినది సరైనదే.' ఇదీ మూడొందల మందికి వెళ్లింది. అందులో చివరి వాక్యాన్ని కత్తెర ఆ రోజు చదివినా చదవనట్టే లెక్క. ఊరందరి ముందూ చెంప మీద కొట్టి, తరవాత బుగ్గ నిమిరితే ఎవరికి కావాలి?

మర్నాడు పొద్దున్న టీ గ్లాసు అన్నయ్య ముందు పెట్టి, "టీ తీసుకోండి" అంది.

అన్నయ్య నవ్వాడు. రెండు రోజుల కోపం, మూడో రోజుకి దిగుతుందనుకున్నాడు. అది దిగలేదు. భోజనానికి రండి, కళ్లజోడు తుడుచుకోండి, మీ కోసం ఎవరో వచ్చారు, ఇలాగే నడిచింది. నియమం మీరు పెట్టిందే కదండీ అని నిండుగా 'అండీ' తగిలించి మరీ వాయించేది. అన్నయ్య మాత్రం ఇంట్లో ఎప్పటిలాగే 'నువ్వు' అనేవాడు, 'ఒసే' అనేవాడు. కానీ ఇక చాలు, మామూలుగా పిలవవే అని ఒక్కసారైనా అడగలేదు. అడిగితే ఆ క్షణాన మానేసేది. ఆయన అడగడు, ఈవిడ మానదు. ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇది ఇల్లా ఆఫీసా అని వదిన ఇద్దరినీ తిట్టి తిట్టి విసిగిపోయింది. అలా ఏళ్లు గడిచాయి. వేళాకోళంగా మొదలైంది అలవాటయింది, అలవాటు కాస్తా నాలుకకి పట్టేసింది. చివరికి కత్తెర నోట 'నువ్వు' అన్న మాట అన్నయ్య వైపు తిరగడమే మానేసింది.

ఆస్పత్రికి వెళ్లే రోజున అన్నయ్య గుమ్మంలో చెప్పులేసుకుంటూ, గుండెకి చిన్న రిపేరు, మూడు రోజుల్లో వచ్చి పడతా, నా బల్ల మీది పచ్చ మిషన్ ముట్టుకోకు అన్నాడు. బయట కారు ఆగి ఉంది. వదిన అప్పటికే సంచితో ఎక్కి కూర్చుంది. కత్తెర వెళ్లిరా అన్నయ్యా అనాలనుకుంది. నిజంగానే అనాలనుకుంది. అలవాటుపడిన నాలుక మరోలా తిరిగింది.

"జాగ్రత్తగా వెళ్లి రండి," అంది.

అన్నయ్య ఒకసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"అలాగేనండీ," అన్నాడు.

ఇంట్లో ఆయన ఆవిణ్ణి 'అండీ' అనడం అదే మొదలు. అదే చివర కూడా అయింది. ఆపరేషన్ బల్ల మీద నుంచి అన్నయ్య లేవలేదు. ఆ 'అండీ' ఏమిటో కత్తెరకి ఇప్పటికీ తేలలేదు. ఆట పట్టించాడా? నొచ్చుకున్నాడా? సరేలే, నీ దారికే వస్తున్నానని లొంగిపోయాడా? మిషన్ విప్పుతున్నా అదే, అన్నం ముద్ద ఎత్తుతున్నా అదే. అడగడానికి మనిషి లేడు.

చావు కబురు ఇంటికి తెలిసింది, వీధికి తెలిసింది, షాపుకి వచ్చేపోయేవాళ్లకి తెలిసింది. గ్రూపుకి మాత్రం తెలియలేదు. అక్కడివాళ్లంతా తలో ఊళ్లో ఉన్నారు, చెప్పాల్సింది కత్తెర. చావు కబుర్లు రాయకూడదని నియమం ఉంది కదా అనుకుంది. అన్నయ్య మాట ఆయన పోయాక కూడా నిలబెడుతున్నానని తనకి తాను చెప్పుకుంది. అదంతా ఒట్టి బుకాయింపు. రాస్తే నిజమైపోతుందని భయం, అంతే. నియమం చాటున దాక్కోవడం చాలా సుఖంగా ఉంటుంది.

ఆ వారంలోనే మొదటి జవాబు వచ్చింది. ఎవరో తుప్పు పట్టిన చక్రం గురించి అడిగితే కత్తెర దాన్ని గ్రూపులోకి వదిలి, బాబిన్ కేసు తుడుచుకుంటోంది. తెర మీద అన్నయ్య పేరు వెలిగింది. 'నేను ఊళ్లో లేను. మీరు రాసింది చదివాను.' చేతిలో బాబిన్ కేసు జారి ఎక్కడికో దొర్లిపోయింది, సాయంత్రం దాకా దొరకలేదు.

గుండె దడ తగ్గాక సంగతి అర్థమయింది. ఆస్పత్రికి వెళ్లేముందు అన్నయ్య లోపలి గదిలో తన కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు పెట్టి వెళ్లాడు. వచ్చిన ప్రతి మెయిల్‌కీ అది దానంతటదే జవాబిస్తుంది, ఆ జవాబు గ్రూపు మొత్తానికీ వెళుతుంది. గ్రూపు పెట్టినవాడు కాబట్టి అన్నయ్య పేరుతో వచ్చేవి కత్తెర దగ్గర ఆగవు. ఎవరికీ వద్దన్న పని తనే చేశాడు! నియమం ప్రకారం గ్రూపు మెయిల్ ఆపుకుని వెళ్లాలి. ఆపితే ఆ మూడు రోజుల ఉత్తరాలు పోతాయి. పాపం, ఆ మూడు రోజులకి కూడా మనసొప్పలేదు. వదిన ఆ కంప్యూటర్ కట్టెయ్యలేదు. కట్టెయ్యమని కత్తెరా అనలేదు. ఎవరూ లేని గదిలో అది రాత్రింబగళ్లు గుయ్యిమంటూ ఉండేది. తలుపు కింద నుంచి సన్నటి వెలుగు వసారాలోకి వచ్చేది.

ఆపడం ఎంతసేపు? మోడరేటర్ పేజీలో అన్నయ్య పేరు మీద నొక్కి, 'తొలగించు' అన్న చోట ఇంకొక్కసారి నొక్కితే చాలు. నియమం కూడా అదే చెబుతోంది. కత్తెర ఆ పేజీ తెరిచేది, పేరు మీదకి వేలు పోయేది, మళ్లీ మూసేసేది. ఒకసారి డాక్టర్ల చేతుల్లో పోయాడు, రెండోసారి నా చేత్తోనా అనుకునేది.

ఇక అక్కణ్ణించి ఆవిడకి పిచ్చి పట్టిందన్నా తప్పులేదు. జవాబు వచ్చినప్పుడల్లా మొదట్లో ఒళ్లు జలదరించేది, తరవాత తరవాత దానికోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఒకే మూడు ముక్కలు, అక్షరం తేడా లేదు. అయినా ఒకరికి ఓపిగ్గా చెప్పినట్టు, ఇంకొకరికి చిరాగ్గా చెప్పినట్టు వినిపించేది. చెప్పాపెట్టకుండా ఎక్కడికి చెక్కేశారు సార్ అని ఒకాయన సరదాగా రాస్తే, 'నేను ఊళ్లో లేను' అన్న జవాబు కాస్త ఆలోచించి ఇచ్చినట్టు అనిపించింది. పనేం లేకపోయినా గ్రూపులో ఏదో ఒకటి రాసేది. నూనె ధర పెరిగిందనో, సూదులు నాసిరకం వస్తున్నాయనో రాసి, అన్నయ్య పలికేదాకా తెర వంక చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం అలా రాస్తే జవాబు రాలేదు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి, పది గడిచాయి. అయ్యో, అన్నయ్యకేమైందో అనుకుంటూ కత్తెర లోపలి గదికి పరుగెత్తింది. తలుపు గడియ మీద చెయ్యి వేశాక గాని తనేం అనుకుందో తనకి తెలియలేదు. లోపల ఏమీ కాలేదు. నెట్ తెగింది, కాసేపటికి వచ్చింది. తెర మీద ఆ మూడు ముక్కలూ కనబడితే, ఆ ఖాళీ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, హమ్మయ్య అని ఏడ్చింది.

ఇదంతా ఒక్కర్తి పిచ్చిగా మిగిలిపోతే ఎవరికీ నష్టం లేదు. కానీ అప్పుడే గ్రూపులోకి టార్పాలిన్లావిడ వచ్చింది. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే మనిషి. ఉన్నది ఒకటే బండ మిషన్, అది మందం గుడ్డ తగిలేసరికి బిగుసుకుపోతోందట. పెద్దాయన గారి పేరు విని చేరానని, ఆయనే చూసి చెప్పాలని రాసింది. నిమిషంలో జవాబు వెళ్లింది. మీరు రాసింది చదివాను, రాగానే జవాబిస్తాను.

ఆవిడ నమ్మింది. ఎందుకు నమ్మదు? గ్రూపులో నలుగురు నాలుగు ఉపాయాలు చెప్పారు. కత్తెర కూడా చెప్పింది, గేరు దగ్గర గట్టిపడిన పాత గ్రీజు తీసి చూడమని. మీ అందరి సాయానికీ రుణపడి ఉంటాను, కానీ పెద్దాయన గారు చదివానన్నారు, ఆయన మాట విన్నాకే చెయ్యి పెడతాను అని రాసిందావిడ. మిషన్ ఆపేసి గుడ్డ కప్పి ఉంచిందట. వానలు దగ్గరపడుతున్నాయి, బేరాలన్నీ పక్క షాపుకి పోతున్నాయి, అయినా ప్రయాణంలో ఉన్న మనిషిని తొందరపెట్టకూడదంది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. చివరికి ఒక రోజు ఒక్క వాక్యం రాసింది.

"పెద్దాయన గారూ, మీరు నిజంగా చదివారా?"

నిమిషం కాకుండానే ఆయన, నేను ఊళ్లో లేను, మీరు రాసింది చదివాను అన్నాడు. కత్తెర కుర్చీలోంచి లేచి వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. షాపులో ఆ తెర ముందు ఒక్కర్తీ ఉండలేకపోయింది. బతికుండగా అన్నయ్య ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగడు. ఇప్పుడు చెబుతున్నాడు, చెప్పిస్తున్నది తను.

ఆ సాయంత్రమే లెక్కల మాస్టారు విరుచుకుపడ్డాడు. ఆయన బడి నుంచి రిటైరయ్యి సరదాకి మిషన్లు విప్పుకునే మనిషి, నియమాలు అన్నయ్య కన్నా ఆయనకే బాగా కంఠతా వచ్చు. దానంతటదే జవాబిచ్చే ఏర్పాటు పెట్టినవారు ఎంతటివారైనా తొలగించాలని మనం రాసుకున్నాం, రాసినవారే తప్పితే మోడరేటర్ గారు నెలకి పైగా కళ్లు మూసుకున్నారు, అన్నగారని మొహమాటమా అని ఘాటుగా ఒక ఉత్తరం వేశాడు. సగం మంది అవునన్నారు. ఇంకో సగం మంది కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నారు. పెద్దాయన వచ్చాక ఆయన్నే అడుగుదాం అన్నారు ఇంకొందరు. వీళ్లు వాదించుకుంటూ రాసిన ప్రతి ఉత్తరానికీ, తన మీదే జరుగుతున్న పంచాయితీ మధ్యలో కూర్చుని, పెద్దాయన వరసగా జవాబిస్తూ పోయాడు. మీరు రాసింది చదివాను. మీరు రాసింది చదివాను. ఇద్దరు సభ్యులు గ్రూపు వదిలి పోతున్నామని రాశారు. వాళ్లకీ రాగానే జవాబిస్తానన్నాడు.

మర్నాడు వదిన లైబ్రరీ నుంచి పెందరాళే వచ్చింది. అక్కడ పుస్తకాల దగ్గర ఆవిడ ఉద్యోగం. చెప్పులు విప్పుకుని సరాసరి షాపులోకి వచ్చి, అన్నయ్య బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ టార్పాలిన్లావిడ రాసింది చూశావా?" అంది.

కత్తెర ఉలిక్కిపడింది. వదిన గ్రూపులో లేదు.

రోజూ చదువుతున్నానని వదిన చెప్పింది. కత్తెర తనింటికి వెళ్లిపోయాక లోపలి గదిలో ఆయన కుర్చీ పక్కన కూర్చుని, వచ్చినవీ పోయినవీ చదువుకుంటుందట. మొదట్లో అది ఊరటగా ఉండేది, మనిషి ఇంట్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టుండేది. ఇప్పుడు భయమేస్తోందంది. ఆ కంప్యూటర్ కట్టెయ్యడానికి రెండుసార్లు వెళ్లి చేతకాక తిరిగొచ్చిందట.

చావు కబురు రాయకూడదని నియమం ఉంది కదా వదినా అని కత్తెర నసిగింది. వదినకి కోపం రావడం కత్తెర ఎక్కువసార్లు చూడలేదు.

"ఆయన పెట్టిన నియమాలు ఆయన మీదకి విసరడానికి తప్ప నీకు ఇంకెందుకైనా పనికొచ్చాయా?" అంది వదిన. "ఇన్నేళ్లూ నీ నోటి వెంట ఒక్క 'అన్నయ్యా' కోసం చూశాడు. నువ్వు రాకముందే పొద్దున్నే వచ్చి ఇక్కడ కూర్చునేవాడు, ఇవాళ అంటుందేమోనని. నాకు చెప్పేవాడు. నీకు మాత్రం చెప్పడు, పౌరుషం. ఇద్దరూ ఇద్దరే."

కత్తెర అన్నయ్య బల్ల వంక చూసింది. అన్నయ్య అడగలేదని కదా తను పిలవలేదు. పిలవలేదని ఆయన అడగలేదు. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని ఇద్దరూ ఒకే మాట కోసం కాచుకున్నారు.

వదిన లేచి టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. కత్తెర కొత్త ఉత్తరం తెరిచింది. సబ్జెక్టు ఏం పెట్టాలో తోచక ఖాళీగా వదిలేసింది. 'గౌరవ సభ్యులకు, గ్రూపు వ్యవస్థాపకులు పరమపదించారని తెలియజేయుటకు' అని మొదలుపెట్టి, ఛీ అనుకుని కొట్టేసింది. 'మా అన్నగారు చనిపోయారు' అని రాసింది. ఆ చివరి 'రు' దగ్గర వేళ్లు ఆగిపోయాయి. అన్నయ్య ఎప్పుడు 'రు' అయ్యాడు? చిన్నప్పుడు ఒకే మంచం మీద దుప్పటి కోసం కొట్టుకున్నవాడు, సూది వేల్లో దిగితే నోట్లో పెట్టుకుని రక్తం ఆపినవాడు. ఆ 'రు' తను తగిలించింది. మనిషికీ మనిషికీ మధ్య గోడ కట్టడానికి ఒక్క అక్షరం చాలునని తనే కనిపెట్టి తనే కట్టింది. ఆ 'రు' చెరిపి 'డు' పెట్టింది. కళ్లల్లో నీళ్లు నిండి తెర కనబడకపోతే కొంగుతో ఒత్తుకుని మళ్లీ రాసింది.

'మా అన్నయ్య పోయాడు. నెల దాటింది. గుండె ఆపరేషన్‌లో పోయాడు. ఇన్నాళ్లూ మీకు జవాబులిచ్చింది అన్నయ్య కాదు, వెళ్తూ వెళ్తూ పెట్టిపోయిన ఏర్పాటు. అది తెలిసి కూడా ఆపనిది నేను. మాస్టారు గారు అన్నది నిజం, మొహమాటమే. టార్పాలిన్లావిడ గారూ, మీ ఉత్తరం అన్నయ్య చదవలేదు. నన్ను క్షమించండి. రేపు నేనే బయల్దేరి మీ దగ్గరికి వస్తాను, మిషన్ నా చేత్తో బాగుచేసి ఇస్తాను.

'అన్నయ్యా, నువ్వింకా గ్రూపులో ఉన్నావు కాబట్టి ఇది నీకూ వస్తుంది. నువ్వు ఊరెళ్లలేదు. నువ్వింక రావు. ఆ రోజు గుమ్మంలో వెళ్లిరా అన్నయ్యా అందామనుకున్నాను, నోరు తిరగలేదు. ఇన్నేళ్లూ నిన్ను మీరు మీరు అని ఏడిపించాను. నీ మీద కోపం ఎప్పుడో పోయింది, నాకే మానడం రాలేదు.'

మొదటి నియమం, చావు కబుర్ల నియమం, సబ్జెక్టు నియమం, అన్నీ ఒకే ఉత్తరంలో మంటగలిశాయి. కోపంతో రాసింది కాదు కాబట్టి ఒక పూట ఆగనక్కర్లేదు. ఇంకోసారి చదివితే పంపలేనని తెలిసి, చదవకుండా పంపేసింది.

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది, లోపలికి రాలేదు. లోపలి గదిలో కంప్యూటర్ గుయ్యిమంటోంది. ఏమొస్తుందో ఇద్దరికీ తెలుసు. అది మనిషి కాదని, అక్షరం మారదని తెలుసు. అయినా కత్తెర తెర వంక చూస్తూ ఊపిరి బిగబట్టింది. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆశపడింది. ఏళ్ల తరవాత మొదటిసారి 'నువ్వు' అంది కదా. ఒక్కసారి, ఈ ఒక్కసారికి ఒక్క అక్షరం మారకూడదా అని అన్నయ్యని మనసులోనే బతిమాలుకుంది.

తెర మీద అన్నయ్య పేరు వెలిగింది.

'నేను ఊళ్లో లేను. మీరు రాసింది చదివాను. రాగానే జవాబిస్తాను.'

కత్తెర ఆ మధ్య వాక్యాన్ని చదివింది, మళ్లీ చదివింది. తరవాత మోడరేటర్ పేజీ తెరిచి, అన్నయ్య పేరు దగ్గరికి పోయింది. ఈసారి పేజీ మూసెయ్యలేదు.

"ఏమన్నాడు?" అంది వదిన గుమ్మంలోంచి.

"నన్ను మీరు అంటున్నాడు వదినా," అంది కత్తెర, 'తొలగించు' మీద నొక్కుతూ.